నాలుగు వేళ్ళ ఎత్తు

పర్శరాములుకు సైకిల్ తొక్కడం కష్టం కాదు, దిగడమే కష్టం.

ఎల్లారెడ్డిలో తెల్లవారుతుండగా ఎక్కినవాడు కామారెడ్డిలో కూతురి ఇంటి ముందు ఆగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. దాదాపు నలభై కిలోమీటర్లు. బ్రేకు పట్టి, ఎడమ కాలు నేలకు ఆనించి, కుడి కాలును వెనక్కి తిప్పి దించుదామనుకుంటాడు. ఆ కాలు మాట వినదు. తొడ బిగుసుకుపోయి కొయ్యలాగా ఉంటుంది. నడుము వంగింది వంగినట్టే ఉంటుంది. అప్పుడాయన గోడ పట్టుకొని, సైకిల్‌ను మెల్లగా పక్కకు వాల్చి, కుడి మోకాలి కింద చెయ్యి వేసి, ఎవరిదో కాలు ఎత్తి ఇవతల పెట్టినట్టు పెడతాడు.

ఆ సోమవారం ఈ తతంగమంతా ప్రవళిక కిటికీలోంచి చూసింది.

ప్రవళిక ఆయనకు ఒక్కతే బిడ్డ. గంజి బజారుకు దగ్గర అద్దె ఇంట్లో ఉంటుంది. భర్త బట్టల దుకాణంలో పనిచేస్తాడు, తాను ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పర్శరాములు వారం వారం కామారెడ్డికి వచ్చేది సరుకు కోసం. ముప్పై ఏళ్ళుగా ఆయన బేరం ఒకటే. అగరొత్తులు, కర్పూరం, కుంకుమ, దీపం వత్తులు. క్యారియరు మీద రేకు పెట్టె కట్టుకొని ఎల్లారెడ్డి చుట్టూ పల్లెలు తిరుగుతాడు. సరుకుకు మాత్రం ఎప్పుడూ బస్సుకే వచ్చేవాడు. భార్య గంగమణి పోయినప్పటి నుంచే ఈ సైకిల్ ప్రయాణం పట్టుకున్నాడు. పదహారు నెలలైంది. ఎందుకని అడిగితే చెప్పడు.

"బాపూ, కదలకు. నేనొస్తున్న ఉండు."

"నాకేమైంది బిడ్డా. కాలు జర నిద్రపోయింది, గంతే."

"కాలు నిద్రపోతే నడుము గుడ దానెంబడి పండుకున్నదా? పా, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"సరుకు తీసుకోవాలె గదనే."

"సరుకు యాడికి పోతది? దేవుండ్లు ఒక్క పూట అగరొత్తులు లేకుంటే ఏమనరు తియ్యి."

ఆటో పిలుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. సైకిల్‌ను వదిలి రాలేనన్నాడు. రెండు గల్లీల అవతలికి ఆ సైకిల్‌నే చేతికర్రలాగా పట్టుకొని నడిచాడు.

నరాలకు, కండరాలకు కసరత్తులు చేయించే డాక్టరమ్మ పేరు సుకన్య. ఆమె పర్శరాములును బోర్లా పడుకోబెట్టి, మడమను పిరుదుల వైపు మడవబోయింది. సగం దూరంలోనే ఆయన పళ్ళు బిగబట్టాడు. తర్వాత తొడ మీద చెయ్యి వేసి అడిగింది.

"తాకుతున్న, తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నదమ్మా. కని దుప్పటి మీదికెళ్ళి తాకినట్టున్నది."

ఆమె మొహంలో నవ్వు తగ్గింది. బయటికి వచ్చి, సైకిల్‌ను స్టాండు మీద పెట్టించి, ఒకసారి ఎక్కి తొక్కమంది. పర్శరాములు ఎక్కాడు. పెడల్ తిరుగుతుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కు తగిలేంత పైకి వస్తున్నాయి. ఆరడుగుల మనిషి చిన్నపిల్లల పీట మీద కూర్చున్నట్టుంది.

"పెద్దాయనా, ఈ సైకిల్ ఎవలది?"

"నాదే."

"మీదైతే సీటు గింత కిందికెందుకున్నది? పెడల్ కిందికి పోయినప్పుడన్న మోకాలు సాగాలె. మీకు అప్పుడు గుడ సగం వంగే ఉంటున్నది. పొద్దందాక పిడికిలి బిగబట్టుకొని ఉంటే చెయ్యి ఏమైతదో మీ తొడ గట్లనే అయింది. తొడ కండ తుంటిని గుంజుతున్నది, తుంటి నడుమును గుంజుతున్నది. నడుము కాడ నరం నలిగి మొద్దుబారుతున్నది." ఆమె సీటు కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "ఎక్కువ గాదు, నాలుగు వేళ్ళు ఎత్తించండి. చెప్పిన కసరత్తులు చెయ్యండి. గిట్లనే ఇంకో యేడాది తొక్కితే కూసున్నకాడికెళ్ళి లేవనీకె రాదు."

"కసరత్తులు చేస్తనమ్మా. సీటు మాత్రం గట్లనే ఉండాలె."

"ఎందుకు?"

పర్శరాములు దిగడానికి కుడి మోకాలి కింద చెయ్యి వేశాడు. ప్రవళిక ఆ సీటు వైపే చూస్తున్నది. ఆ ఎత్తు ఎవరిదో ఆమెకు అప్పుడే తట్టింది.

ఇంటికి వచ్చాక పళ్ళెంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చొని మెల్లగా అడిగింది.

"అవ్వ ఎత్తుకు పెట్టుకున్నవా బాపూ?"

తల్లి మాట ఎత్తగానే ఆయన అన్నం కలపడం ఆపాడు. పదహారు నెలలుగా ఎవరికీ చెప్పని సంగతి, కన్నబిడ్డకు, కంచం ముందు కూర్చొని చెప్పాడు.

గంగమణి బీడీలు చేసేది. ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకొని చేసిన బీడీలను, లింగంపేట దారిలో నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో కార్ఖానాకు అప్పజెప్పి రావాలి. ఆటోల కోసం ఎదురుచూడలేక నలభై ఏళ్ళ వయసులో పట్టుబట్టి సైకిల్ నేర్చుకున్నది. ఇంట్లో సైకిల్ ఒకటే. మనుషులు రెండు ఎత్తులు. సైకిల్ దుకాణం యాకూబు ఈ గోల చూడలేక సీటు కింది రాడ్డు మీద ఆకురాయితో రెండు గీతలు గీసి ఇచ్చాడు, మొగుడి గీత ఒకటి, పెళ్ళాం గీత ఒకటి. రెంటికీ మధ్య సరిగ్గా నాలుగు వేళ్ళు. అయినా గోల తగ్గలేదు. ఆమె దించుకొని పోయేది, తిరిగి ఎక్కించడం మరిచిపోయేది. ఆయన చూసుకోకుండా బేరానికి పోయి సాయంత్రం నడుము పట్టుకొని వచ్చేవాడు.

"మల్ల దించినవానే? పొద్దందాక మోకాళ్ళు గడ్డానికి తలుగుతున్నయ్!"

"తలుగనీ. గడ్డం గీసుకునే పని తప్పుతది. నా కాళ్ళు నేలకు అందకుంటే నేను గాల్ల తేలాల్నా?"

తిట్టుకుంటూనే ఆమె కొబ్బరినూనె వెచ్చచేసి, రెండు కర్పూరం బిళ్ళలు నలిపి అందులో వేసేది. ఆయన్ను బోర్లా పడుకోమని నడుమూ తొడలూ రుద్దేది. ఏ కండ ఎక్కడ ముడిపడిందో ఆమె బొటనవేలికి తెలుసు.

"దేవుని కర్పూరం తొడలకు రుద్దుతున్నవ్, పాపం తలగదా?" అనేవాడాయన.

"తొడలు మాత్రం ఎవలిచ్చిన్రు? ఆ దేవుడే గదా. సప్పుడు చెయ్యకుంట పండు."

పోయిన యేడు వైశాఖంలో ఒక ఆదివారం నాడు ఆయనకు నడుము మరీ పట్టేసింది. ఆ రోజూ సీటు కిందికే ఉన్నది. కోపం వచ్చింది. పొద్దుగూకుతుండగా పానా తెచ్చి, సీటు ఎక్కించి, చక్రానికి కాలు అడ్డం పెట్టి రెండు చేతులతో నట్టు బిగించాడు. ఆడమనిషి చేతికి విడవకుండా బిగించాడు. "ఇగ దించు, సూస్త" అన్నాడు. గంగమణి గడపలో నిలబడి నవ్వింది, ఏమీ అనలేదు.

మర్నాడు సోమవారం. ఆయన పొద్దున్నే బస్సుకు కామారెడ్డి పోయాడు. ఆమె సైకిల్ తీసుకొని కార్ఖానాకు బయలుదేరింది. ఊరు దాటిన తర్వాత కల్వర్టు దగ్గర పడిపోయింది. తల రాతికి తగిలింది. దవాఖానాకు చేరలేదు. ఫోను వచ్చినప్పుడు ఆయన గంజి బజారులో కర్పూరం డబ్బా మూత తీసి వాసన చూస్తున్నాడు.

"ఆమె కాళ్ళు నేలకు అందలే బిడ్డా. ఒరిగినప్పుడు కాలు పెట్టుకుందామంటే అందలే. నట్టు బిగించింది నేను."

పడిన సైకిల్‌ను ఎవరో యాకూబు దుకాణంలో వేశారు. దినాలు అయిపోయాక యాకూబు చక్రం వంకర తీసి ఇంటికి పంపించాడు. చూస్తే సీటు గంగమణి గీత మీద ఉన్నది. బాగుచేస్తూ యాకూబే దించి ఉంటాడనుకున్నాడు. అయితే ఆ దించడంలో వేములవాడ శివుడు రాజన్న దేవుడి మాట ఏదో ఆయనకు వినిపించింది. ఇక ఈ సీటును ఎక్కించకూడదు, దీని మీదనే తొక్కాలి, ఆ సోమవారం బస్సుకు పోయిన దారంతా తొక్కాలి. ఆ తర్వాత యాకూబు దుకాణం మెట్టు ఎక్కలేదు. ఆ నట్టు చూసిన మనిషి మొహం చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

ప్రవళిక నీళ్ళ చెంబు ఆయన పక్కకు జరిపింది. తర్వాత అన్నది.

"రాజన్న నిన్ను నడుము ఇరగ్గొట్టుకొమ్మన్నడా బాపూ?"

"ఏమో బిడ్డా. వద్దని గుడ అనలే."

ఆ సాయంత్రం ఆయన్ను తొక్కనివ్వలేదు. ట్రాలీ ఆటో మాట్లాడి, సైకిల్ ఎక్కించి, తానూ వెంట ఎల్లారెడ్డికి వచ్చింది. పొద్దున పర్శరాములు దేవుడి పటాల ముందు దీపం పెట్టి గంట కొడుతుంటే వాకిట్లో స్టాండు తీసిన చప్పుడైంది. చూస్తే సైకిల్ లేదు, బిడ్డ లేదు. ఎక్కడికి పోయిందో తెలుసు. పరుగెత్తాలనుకున్నాడు. తొడలు రాలేదు. గోడలు పట్టుకుంటూ బస్టాండు పక్కన ఉన్న యాకూబు దుకాణం దారి పట్టాడు.

ఆయన వెళ్ళేసరికి యాకూబు సీటు నట్టు మీద కిరోసిన్ చుక్కలు వేస్తున్నాడు.

"యాకూబూ, చెయ్యి తియ్యి!"

"అరె, పర్శన్నా! రా రా. యేడాది దాటింది నా మొకం సూసి. గాలి గుడ వేరేకాడ కొట్టిస్తున్నవంట. నా పంపుల గాలికేమన్న వాసనున్నదా?"

"నవ్వులాట కాదు. సీటు జోలికి పోకు. ఆ దినం సీటు ఎత్తు మీదున్నది, నేనే బిగించిన. గందుకే ఆమె పడ్డది. అది కిందికే ఉండాలె."

యాకూబు కిరోసిన్ సీసా కింద పెట్టాడు. ప్రవళిక వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు.

"ఎత్తు మీదున్నదని ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలు జెప్పాలె? ముందు దినం నేనే..."

"నువ్వు బిగించినవ్, నిజమే. తెల్లారి వదినె ఈడికే వచ్చింది. ఎక్కలే, నడిపిచ్చుకుంటనే వచ్చింది. 'మీ అన్న పైల్వాన్ లెక్క బిగించిండు యాకూబూ, జర ఇప్పు' అన్నది. నవ్వుకుంటనే అన్నది. నేను ఇప్పిన, నేనే దించిన. ఎక్కి, రెండు కాళ్ళు నేలకు ఆనిచ్చి సూసుకొని మరీ పోయింది. పడ్డంక నా కాడికి వస్తే సీటు ఎట్లున్నది గట్లనే ఉంచిన. నేను ముట్టలే అన్నా."

పర్శరాములు గోడవారగా ఉన్న చెక్క పెట్టె మీద కూలబడ్డాడు. పదహారు నెలలు మోసిన బరువు ఒక్కసారిగా పక్కకు జరిగింది. కానీ తేలికపడలేదు. దాని కింద ఇంకేదో ఉన్నట్టు తోచింది.

"మరెట్ల పడ్డది?"

యాకూబు నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడిచాడు.

"చెప్పు కాకా," అన్నది ప్రవళిక.

"చెప్పొద్దని నా కాడ మాట తీసుకున్నది బిడ్డా. ఇన్ని దినాలు గందుకే చెప్పలే." ఆయన గొంతు తగ్గింది. "ఎండ మస్తున్నది ఆ దినం. చాయ్ తెప్పిస్త అన్న, వద్దన్నది. నీళ్ళన్న తాగు వదినె అన్న. ముట్ట అన్నది. పర్శన్న నడుము బాగుకావాలని యేములాడ రాజన్నకు పదకొండు సోమారాలు మొక్కుకున్నదంట. పొద్దు మునిగేదాంక మంచినీళ్ళు గుడ ముట్టది. అది ఎనిమిదో సోమారం. అన్నకు తెలిస్తే కొట్లాటకు దిగుతడు, మొక్కు చెడుతది, చెప్పకు అన్నది."

బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మా రంజాన్ రోజాలల్ల గుడ పాణం బాగలేనోళ్ళకు మాఫీ ఉంటది వదినె అని జెప్పిన. 'నా పాణానికేమైంది, నడుము నొచ్చేది ఆయనకు గదా' అన్నది. సూసినోళ్ళు గుడ గదే జెప్పిన్రు. ఎవ్వలు తాకలే, గుంత లేదు, ఏం లేదు. పోతున్న సైకిల్ పోతున్నట్టే ఒరిగిందంట. కండ్లు తిరిగి ఉంటయ్." యాకూబు గుడ్డను పక్కన పడేశాడు. "ఇంకొక్కసారి అడిగితే తాగునేమో. నేను అడగలే అన్నా."

పర్శరాములు తన నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ సోమవారాలు ఆయనకు గుర్తొచ్చాయి. తాను బస్సు దిగి వచ్చేసరికి ఆమె కర్పూరం నూనె వెచ్చచేసి ఉంచేది. "తిన్నవానే" అంటే "ఎప్పుడో తిన్న" అనేది. నోరు ఎండిపోయిన మనిషి తన తొడలు రుద్దింది. తాను ముసుగుతన్ని, ఇంకొంచెం గట్టిగా రుద్దమన్నాడు. ఆమె ఏ నడుము కోసం ఎనిమిది సోమవారాలు ఎండిపోయిందో, ఆ నడుమునే తాను డెబ్బై సోమవారాలు విరగ్గొట్టుకుంటూ వచ్చాడు. శిక్ష అనుకున్నాడు. దేవుడు చెప్పాడనుకున్నాడు. రాజన్న ఆమె మొక్కు వినలేదా, విన్నా తానే అడ్డం పడ్డాడా? అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియలేదు. పొద్దున దీపం పెట్టి వచ్చిన దేవుడినే కదా.

గోడ పట్టుకొని లేచాడు.

"దించింది నువ్వే గదా యాకూబూ. ఎక్కియ్యి."

పానా పెట్టి యాకూబు బలమంతా పెడితే నట్టు కిర్రుమని కదిలింది. సీటు పట్టుకొని అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగాడు. ఇన్నాళ్ళూ గొట్టం లోపల ఉన్న రాడ్డు పాత నూనెతో తళతళలాడుతూ బయటికి వచ్చింది. ముందు గంగమణి గీత పైకి లేచింది. దాని వెనక నాలుగు వేళ్ళ తర్వాత ఆయన గీత కనిపించింది. యాకూబు అక్కడ ఆపి బిగించాడు. ఇప్పుడు రెండు గీతలూ కనిపిస్తున్నాయి. పర్శరాములు తన కండువా కొసతో పై గీతను తుడిచాడు.

ఇంటికి పోతూ దారిలో ప్రవళిక అన్నది: "ఇంకా మూడు సోమారాలున్నయ్ గదా బాపూ. ఆ ఉపాసాలు నేనుంట."

"వద్దు బిడ్డా!" ఆయన అంత గట్టిగా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు. తర్వాత గొంతు దించాడు. "వద్దు. అవి గట్లనే ఉండనీ. రాజన్న అడిగితే నేను సెప్పుకుంట."

సుకన్య చెప్పిన కసరత్తులు పొద్దూమాపూ చేశాడు. గోడకు చెయ్యి ఆనించి, మోకాలు మడిచి, మడమను వెనక్కి లాక్కొని వంద లెక్కపెట్టేవాడు. కొబ్బరినూనెలో కర్పూరం నలిపి తన తొడలు తానే రుద్దుకున్నాడు. వీపు మీద చెయ్యి అందని చోటు ఒకటి ఉండేది. అక్కడికి గోడకు పాత టవలు కట్టి రాసుకునేవాడు. సరుకుకు మళ్ళీ బస్సుకే పోతున్నాడు. పల్లెలకు మాత్రం సైకిల్.

కార్తీకం వచ్చింది. వత్తులకు, కర్పూరానికి గిరాకీ ఎక్కువ. ఒక సోమవారం లింగంపేట వైపు పల్లెలు తిరిగి, ఖాళీ పెట్టెతో సాయంత్రం ఎల్లారెడ్డికి మళ్ళాడు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో పక్కకు ఒదిగి తొక్కుతున్నాడు. కాలు కిందిదాకా సాగుతున్నది, మళ్ళీ పైకి వస్తున్నది. గాలి చల్లగా ఉంది. శివుడి నామం ఏదో లోలోపల అనుకుంటూ పోతున్నాడు.

కామారెడ్డి నుంచి వచ్చినా, లింగంపేట నుంచి వచ్చినా, సీటు కిందికి ఉన్నన్నాళ్ళూ గంగమణి పడిన ఆ కల్వర్టు దగ్గరికి వచ్చేసరికే ఆయన తొడలు చేతులెత్తేసేవి. వద్దన్నా దిగవలసి వచ్చేది. దిగి, కల్వర్టు గోడ మీద కూర్చొని, నొప్పి తగ్గేదాకా ఆ రాయి పక్కనే ఉండేవాడు. వారానికొకసారి ఆమె దగ్గర కూర్చున్నట్టుండేది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు, ప్రవళికకు కూడా.

ఊరి మొదటి ఇండ్లు కనిపించాక ఆయనకు తెలిసింది. కల్వర్టు దాటిపోయింది. ఎప్పుడు దాటిందో తెలియలేదు.

బ్రేకు పట్టాడు. దిగాడు. కుడి కాలు ఏ పేచీ పెట్టకుండా వెనక నుంచి తిరిగి నేల మీదికి వచ్చింది. సైకిల్‌ను తిప్పి, ఎక్కకుండా, నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. రాయి పక్కన గోడ మీద కూర్చున్నాడు. తొడను చేత్తో నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. నడుము వంచి చూశాడు, వంగింది. లేపితే లేచింది. ఎక్కడైనా ఇంత ముడి మిగిలి ఉంటుందేమోనని బొటనవేలితో, ఆమె వెతికినట్టే, తొడ పొడుగునా వెతికాడు. దొరకలేదు.

వడ్లు కుప్ప చేస్తున్న రైతు ఒకతను ఆయన్ను చూశాడు. ప్రతివారం ఆ గోడ మీద కూర్చునే మనిషే కదా అని దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, మల్ల నడుమేనా?"

"లేదు తమ్మీ. నడుము బాగైంది."

"బాగైతే మంచిదే గదా. మరేందన్నా, గట్లేడుస్తున్నవ్?"

"బాగైంది," అన్నాడు పర్శరాములు మళ్ళీ. ఇంకేం చెప్పాలో తెలియక, "బాగైంది తమ్మీ," అంటూనే ఉన్నాడు.